పాదాకార పత్రము: ఒక పారిభాషికపద విచారము

నంద్యాల జిల్లాలోని అవుకునకు పూర్వనామము ఆకువీడు. ఆకువీటి ప్రభువైన పెద వేంకటాద్రి కోరగా పింగళి సూరన రాఘవపాండవీయమును రచించెనని సాహిత్యచరిత్ర చదివినవారెల్లరు నెఱుగుదురు. ఒకే పదమును రెండు విధముల విఱిచి రెండు కథలు నడపిన కావ్యమునకు కారణమైన యూరు గనుక, ఆకుల చీలికలను గూర్చిన యీ విచారమును అక్కడనుండి ప్రారంభించుచున్నాను. ఊరిపేరిలోని ఆకు పత్రమే యని మాత్రము వాదింపను.

ఎఱ్ఱమల కొండల యంచున నున్న యిట్టి మెట్టనేలలలో వానకాలమున అల్లుకొను నూగుతీగ యొకటి కలదు. దాని యాకు అయిదు మొదలు తొమ్మిది తమ్మెలుగా చీలియుండును. లిన్నేయసు 1753లో దానికి 'పులిపాదము' అను నర్థము గల లాటిన్ పేరు పెట్టెను. తెలుగున దానిపేరు మెకముఅడుగు. మెకమనగా అడవిమృగము. ఇరువురును ఒకే పోలికను చూచిరన్నమాట. హ్రస్వదీర్ఘముల గుర్తులు లేని రోమను లిపినుండి యీ పేరును మరల తెలుగున వ్రాయువారు 'మేకమడుగు' అనిన, పులి కాస్తా మేకయైపోవును! నిజముగా మేకపాదము పేర గలది వేఱొక తీగ. అది సముద్రపుటొడ్డున ఇసుకపై ప్రాకునది. కొన నడుమ చీలిన దాని యాకు లాటిన్ పేరు పెట్టినవానికి మేకగిట్టవలె దోచినది. తెలుగువారికది చెవులపిల్లితీగ, అనగా కుందేటితీగ.

ఇక పారిభాషికపదము. 1751లో వెలువడిన 'ఫిలసోఫియా బొటానికా'లో లిన్నేయసు హస్తాకారమునకు వేఱుగా పాదాకారమును నిర్దేశించెను. హస్తాకార సంయుక్తపత్రమున పత్రకములన్నియు కాడకొననున్న యొక్క బిందువునుండియే వెలువడును. పాదాకారమున నట్లు గాదు. నడిమి పత్రక మొక్కటియే సూటిగా నిలుచును. ప్రక్కవి ఒకదాని కాడనుండి వేఱొకటి చీలుచు వెలుపలికి పోవును. పక్షికాలి వ్రేళ్లను తలచుకొన్న నీ భేదము తేటపడును. ద్రాక్షకుటుంబములోని ఏడాకుల మందులమారితీగ దీనికి చక్కని యుదాహరణము. దాని లాటిన్ పేరులోను పాదశబ్దమే కలదు. అమరకోశపు వనౌషధివర్గములోని గోధాపది యిదియేయని వైద్యులు పలువురు గుర్తింతురు. గోధ యనగా ఉడుము. తెలుగు పత్రకములను లెక్కించినది. సంస్కృతము ఉడుముకాలిని చూచినది.

ఇచట గమనింపదగిన దొకటి కలదు. ఈ పాతపేళ్లలో వట్టి పాదము ఎచ్చటను లేదు. మెకము, ఉడుము, హంస యని కాలు గల జంతువును పేర్కొనక పేరు కుదురలేదు. 'పాదాకారము' అను మన యనువాదములో ఆ జంతువు జాఱిపోయినది. విద్యార్థి యా మాట వినగానే మనుష్యుని యరికాలిని తలచును. అది చీలిన యాకునకు సరిగా వ్యతిరేకము. అదిగాక చెట్టు విషయమున పాదమనగా వేరు. పాదములతో త్రాగునది కనుకనే గదా వృక్షము పాదపమైనది! పద్యపాదము, నాలవవంతు అను నర్థములను చెప్పనే యక్కఱలేదు. కావున 'పక్షిపాదాకారము' అనుట మేలని నా యభిప్రాయము. మాట కొంత పెద్దదగును గాని పొరపాటు తగ్గును.

జంతువును చెప్పినంత మాత్రమున చిక్కులన్నియు తీరునని గాదు. వ్రాతప్రతులలో జాఱిన యక్షరమును చేర్చు గుర్తు హంసపాదు. 'ఆదిలోనే హంసపాదు' అను సామెత దానినిబట్టియే పుట్టినది. నేలపై పఱచుకొను ముడుతలాకుల చిన్నమొక్కకును హంసపాదు పేరే. సంస్కృత హంసపదిని మాత్రము వైద్యులు పలువురు నీటిచెమ్మగల చోట్ల పెరుగు ఒక పర్ణాంగమొక్కగా గ్రహింతురు. ఒక్క పేరునుబట్టి మందు నూఱువాడు మోసపోవచ్చును.

జంతుశాస్త్రమున నీ బాధ తక్కువ. ఉదరపాదులు, శీర్షపాదులు, మిథ్యాపాదములు అనునపుడు పాదము పోలిక గాదు, కదలుటకో పట్టుకొనుటకో పనికివచ్చు అవయవము. అక్కడ జంతువు కన్నులయెదుటనే యుండును. పేరులో మరల చెప్పవలసిన పనిలేదు.