నంబరు లేని చాకు, ముసుగేసిన దీపం

సిపాయి తుపాకికి నంబరుంటుంది. డ్యూటీ దిగగానే అది కోత్‌లో, అంటే ఆయుధాల గదిలో, జమ కావాలి. లెక్క తప్పితే ఉద్యోగం మీదికొస్తుంది. అదే సిపాయి జేబులోని చాకుకు నంబరు లేదు, పెట్టెలోని టార్చిలైటుకు రిజిస్టరు లేదు. పోతే ఎవరూ అడగరు, తనిఖీలో బయటపడితే మాత్రం ఎందుకని అడుగుతారు. ఈ రెండు చిన్న వస్తువులను సైన్యాలు ఏ కంటితో చూశాయో తెలుసుకోవాలంటే ధవళేశ్వరం గట్టు మీద నిలబడి వెనక్కి చూడవచ్చు. ఇక్కడ విగ్రహమై గుర్రమెక్కి కనిపించే ఆర్థర్ కాటన్ కూడా సైనికుడే. 1819లో మద్రాసు ఇంజనీర్ల దళంలో చేరి, మొదటి బర్మా యుద్ధంలో పనిచేసి వచ్చినవాడు. 1847లో మొదలై 1852లో పూర్తయిన గోదావరి ఆనకట్ట ఆయన పేరు నిలబెట్టింది. అంటే ఆయన్ని మనం తలుచుకునేది ఆయుధం వల్ల కాదు, పనిముట్టు వల్ల. సిపాయి కత్తి కథంతా ఈ రెండింటి మధ్యే నడిచింది.

కత్తిని చూసి సేనాధిపతులు ఎందుకు ఉలిక్కిపడతారో తెలుగువాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు బొబ్బిలి కోటను కూల్చాయి. ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే, గెలిచిన పక్షంలోని విజయనగర ప్రభువు విజయరామరాజు తన గుడారంలోనే హతుడయ్యాడు. రాత్రివేళ లోపలికి జొరబడిన బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి దగ్గరున్నవి చీకటి, బాకు. అంతే. శిబిరం చుట్టూ ఎంత సైన్యమున్నా, మొలలో దాగిన జానెడు ఇనుము లోపలి దాకా రాగలదని ఆ రాత్రి చూపించింది. మనిషి ఒంటి మీద ఏముందో వెతికే అలవాటు దండు విడుదులకు ఊరికే రాలేదు.

ఆ రోజుల్లోనే మద్రాసు నుంచి ఈస్టిండియా కంపెనీ సిపాయిలు క్లైవ్ వెంట బెంగాలుకు ఓడలెక్కారు. ఉత్తరాదిలో కంపెనీ సిపాయికి ‘తిలంగా’ అనే పేరు స్థిరపడింది. మన నేల పేరే అక్కడ కొలువు పేరైపోయింది. ఆ తిలంగాల తుపాకి కొసన బాయ్‌నెట్ ఉండేది. మూడు పలకల ముల్లు అది. పొడవడానికే తప్ప కోయడానికి పనికిరాదు, పదునైన అంచే లేదు. వంకాయ తరగాలన్నా, తాడు తెగాలన్నా, పుల్ల చెక్కాలన్నా సొంత చాకు కావలసిందే. సర్కారిచ్చిన ఇనుము శత్రువు కోసం, ఇంటినుంచి తెచ్చుకున్న ఇనుము పొట్ట కోసం. ఈ పాఠం అంత తేలిగ్గా వంటబట్టలేదు. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ నాలుగో నంబరు రైఫిలుకు మళ్లీ ఎనిమిదంగుళాల ముల్లునే తగిలించారు.

కొన్ని కత్తులకు మాత్రం సైన్యం పీట వేసింది. గూర్ఖా ఖుక్రీ పటాలం గుర్తుగా మారింది. సిక్కు కృపాణం మత హక్కుగా రాజ్యాంగం 25వ అధికరణంలోకే చేరింది. కోనసీమలో కొబ్బరిబొండం కొట్టే కత్తికి గాని, చేలో కొడవలికి గాని ఆ యోగం పట్టలేదు. అవి పనిముట్లు. వంశగౌరవం ఉన్న కత్తికి వందనం, వంటింటి కత్తికి అనుమానం. పైవాళ్ల తీరు చాలాకాలం ఇదే.

ఆ తీరును మార్చింది యంత్రం. 1889 నాటి రైఫిలును విప్పడానికి స్విట్జర్లాండు సైనికుడికి స్క్రూడ్రైవరు కావలసి వచ్చింది, డబ్బా తిండి తెరవడానికి మరో పరికరం. రెండూ మడతచాకులో ఇమిడాయి. 1891 నుంచి కార్ల్ ఎల్సెనర్ దాన్ని తయారుచేసి సైన్యానికి అందించాడు. 1897లో ఆయనే తెచ్చిన ‘ఆఫీసర్ల చాకు’ను మాత్రం సైన్యం తన జాబితాలో చేర్చుకోలేదు. ఆఫీసర్లు సొంత డబ్బుతో కొనుక్కున్నారు. బ్రిటిష్ సైన్యం కూడా మడతచాకును తాడు కట్టి మరీ సిపాయికిచ్చింది. అనుమానించిన వస్తువే సరంజామాలోకి వచ్చింది.

టార్చిలైటు దారి వేరు. 1899లో అమెరికాలో దానికి పేటెంటు దొరికింది. ఆనాటి సెల్లులు వెలుగును ఎక్కువసేపు మోయలేకపోయేవి. అప్పుడప్పుడూ మెరిపించుకోవడమే. మొదటి ప్రపంచయుద్ధపు కందకాల్లో బ్రిటిష్ ఆఫీసర్లు ‘ఓరిలక్స్’ లాంటి లైట్లను దుకాణాల్లో కొనుక్కుని నడుముకు తగిలించుకున్నారు. కత్తి పట్ల సైన్యానికి ఉన్న భయం క్రమశిక్షణ గురించి. దీపం పట్ల భయం ప్రాణాల గురించి. చీకట్లో దీపం దారి చూపిస్తుంది, దాన్ని పట్టుకున్నవాణ్నీ చూపిస్తుంది. అందుకే సైనికుల లైట్లకు ఎర్ర గాజు బిళ్ల వచ్చింది. ఎర్ర వెలుగులో చీకటికి అలవాటుపడిన కంటిచూపు అంతగా చెదరదు.

రెండు ప్రపంచయుద్ధాలకూ గోదావరి సీమ మనుషుల్ని ఇచ్చింది. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం పేరు ముందు ‘మిలిటరీ’ అన్న మాట నిలిచిపోయింది. మొదటి యుద్ధానికి తొంభైమంది, రెండోదానికి వెయ్యిమందికి పైగా వెళ్లారని ఆ ఊరు చెప్పుకుంటుంది. యుద్ధమే ఇంటి గుమ్మం దాకా వచ్చిన రోజూ ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. సరిహద్దులోని సిపాయికే కాదు, సముద్రం ఒడ్డున ఉన్న గృహస్థుకూ దీపమంటే భయమేమిటో తెలిసొచ్చింది.

స్వాతంత్ర్యం తర్వాత చట్టం కొలబద్ద పట్టుకుంది. తొమ్మిదంగుళాలకు మించిన పొడవు గాని, రెండంగుళాలకు మించిన వెడల్పు గాని ఉన్న కత్తి ఆయుధాల నిబంధనల పరిధిలోకి వస్తుంది. ఇంటిపనికీ, పొలం పనికీ చేసినదైతే రాదు. గట్టు మీద మనం చూసిన గీతనే చట్టమూ గీసింది, ఆయుధం ఇటు, పనిముట్టు అటు. సెలవుమీద విమానమెక్కే జవాను చాకు మాత్రం ఎంత చిన్నదైనా చేతిసంచిలోంచి కిందకు వెళ్లే సామానులోకి మారాల్సిందే. దీపం మీద ఆంక్ష ఇంకా బిగిసింది. చిన్న వెలుగును వేల రెట్లు పెంచి చూపే రాత్రి అద్దాలు వచ్చాక, అరచేతిలో దాచిన సెల్‌ఫోను వెలుగు కూడా మైళ్ల అవతలి కంటికి ఆనుతుంది.

చివరికి మళ్లీ ఆనకట్ట దగ్గరికే వస్తాం. 1986 ఆగస్టు 16న ధవళేశ్వరం దగ్గర 35.06 లక్షల క్యూసెక్కుల వరద దాటింది. 17.75 అడుగులకు మూడో ప్రమాద హెచ్చరిక జారీ అయ్యే ఈ నదిలో, లంకల్లో చిక్కుకున్నవాళ్ల కోసం పడవలు దిగే రాత్రుల్లో ఆ పాత నియమాలన్నీ తలకిందులవుతాయి. పడవ పంకాకు చుట్టుకున్న తాడు కోసే చాకును ఎవరూ అనుమానించరు. టార్చికి ఎవరూ ముసుగు వేయరు. ఇంటి కప్పు మీద కూర్చున్నవాళ్లకు ఆ వెలుగు ఎంత దూరం నుంచి కనిపిస్తే అంత మంచిది.