ఆడమొక్కకు మగ పేరు

మా నాయనమ్మకు కొత్త సంవత్సరం ఉగాదికి కాదు, సంక్రాంతి వెళ్ళిన మర్నాడే మొదలయ్యేది. పొద్దున్నే దొడ్లో పేడకళ్ళు ఎత్తి, పొయ్యిలో బూడిద తీసి, వాకిలి ఊడ్చిన చెత్తతో కలిపి పెంటకుప్ప మీద వేసేది. జనుము గింజలు, కూరగాయ విత్తనాలు బూడిద కలిపి కుండల్లో దాచేది. జనపకట్టెలు చెరువులో నానేసింది తాతయ్యే అయినా, నార ఒలిచింది ఆమె. ఆ నారతో పగ్గం పేనేది మాత్రం తాతయ్య. అందుకే ఊళ్ళో "ఆయన పగ్గాలు గట్టివి" అనేవాళ్ళు. నార ఎవరు ఒలిచారని అడిగినవాళ్ళు లేరు.

ఇంగ్లండు వ్యవసాయ చరిత్ర చదువుతుంటే నాకు మళ్ళీ ఆ పెంటకుప్ప గుర్తొచ్చింది. అక్కడ నార కోసం పండించిన మొక్క గంజాయి జాతిదే. శాస్త్రీయ నామం కన్నబిస్ సటైవా. మత్తు కోసం కాక బట్టకూ తాడుకూ పెంచిన రకం కాబట్టి దీన్ని నారగంజాయి అందాం. ఇంగ్లీషువాళ్ళు మన దేశానికొచ్చాక మన జనుమునీ గోగునీ కూడా 'హెంప్' అనే రాసుకున్నారు. భీమునిపట్నం రేవు నుంచి ఎగుమతైన గోగునార 'బిమ్లీ జూట్' అయింది. అక్కడి ఆడవాళ్ళ శ్రమ గురించి చదువుతూ మన ఆడవాళ్ళ శ్రమను గుర్తు చేసుకోవడానికి ఈ పేర్ల గందరగోళం కూడా ఒక సాకే.

ఆ పంటను రాజ్యం ఎంత కోరుకుందో చట్టాలు చెబుతాయి. వలలకూ ఓడల తాళ్ళకూ తెరచాపలకూ నార కావాలి. సాగులో ఉన్న ప్రతి 60 ఎకరాలకూ పావు ఎకరం అవిసె గానీ నారగంజాయి గానీ వేసి తీరాలని 1533లో ఎనిమిదో హెన్రీ కాలంలో చట్టం చేశారు. 1563లో ఎలిజబెత్ రాణి ప్రభుత్వం ఆ పావు ఎకరాన్ని ఎకరం చేసింది. 1593లో గానీ ఆ నిర్బంధం పోలేదు. పశువులు నీళ్ళు తాగే వాగుల్లో, చెరువుల్లో నార నానబెట్టకూడదని 1541లో ఇంకో చట్టం. వీటన్నిటిలో భూమి ఉంది, నీళ్ళు ఉన్నాయి, పశువులు ఉన్నాయి. నార తీసిన మనిషి లేదు.

ఆ మనిషి కనిపించేది మరో రకం పుస్తకాల్లో. 1523 నాటి ఫిట్జ్‌హెర్బర్ట్ వ్యవసాయ గ్రంథంలో రైతు భార్య చేయాల్సిన పనుల జాబితా ఒకటుంది. అవిసె, నారగంజాయి విత్తడం అందులో ఉంది. తర్వాత కలుపు తీయాలి, పీకాలి, నానబెట్టాలి, కడగాలి, ఎండబెట్టాలి, బాదాలి, విరవాలి, ముళ్ళ దువ్వెనతో దువ్వాలి, వడకాలి, చుట్టాలి, నేయించాలి. ఒక్క పంట చుట్టూ ఇన్ని క్రియాపదాలు! ఇవన్నీ పాలు పితకడానికీ పిల్లల్ని చూడడానికీ వంట చేయడానికీ అదనం. రచయితకు ఇది శ్రమ అనిపించలేదు. భార్య ధర్మం అనిపించింది. ధర్మం అన్నాక కూలి లెక్క ఉండదు కదా.

1615లో వచ్చిన జెర్వేస్ మార్కమ్ పుస్తకం పేరే 'ది ఇంగ్లిష్ హౌస్‌వైఫ్'. గృహిణి కోసమని రాసిన ఆ పుస్తకంలో నారగంజాయి నేల ఎలా ఉండాలో, ఎలా దున్నాలో కూడా చెప్పాడు. పాత గడ్డివాముల దొడ్లు, చలికాలంలో గొర్రెలూ పశువులూ పడుకునే చోట్లు దానికి మంచివన్నాడు. చదవగానే బోధపడుతుంది, ఆ పంటకు నేల తయారయ్యేది చలికాలంలోనే. బయట ఏ పైరూ లేని రోజుల్లో పశువులు తొక్కి, పేడ వేసి, మూత్రం పోసి నేలను బలపరుస్తాయి. వసంతంలో అక్కడ విత్తనం పడుతుంది. ఈ మొక్క బలమైన నేల కోరుతుంది. అందుకే దాని మడి ఎక్కువగా ఇంటిపక్కనే ఉండేది, దొడ్డి చెత్తా పెంటా సులువుగా చేరే చోట. అంటే ఇంటి పని ఎక్కడ ఆగుతుందో పొలం పని ఎక్కడ మొదలవుతుందో గీత గీయలేని చోట. చరిత్రకారులకు ఆ గీత కావాలి. ఆడవాళ్ళ పని ఆ గీతకు రెండు పక్కలా ఉంది. కాబట్టి ఏ లెక్కలోకీ రాలేదు.

చలికాలం పంచాంగం చూస్తే ఇంకా స్పష్టం. క్రిస్మస్ సెలవులు జనవరి 6తో ముగుస్తాయి. ఆ తర్వాత వచ్చే మొదటి సోమవారం 'నాగలి సోమవారం'. మగవాళ్ళు నాగలి అలంకరించి, ఊరంతా లాగుతూ చందాలడిగేవాళ్ళు. దున్నకం కాలం అట్లా మొదలయ్యేది. ఆడవాళ్ళకు ఆ పాటి విరామం కూడా లేదు. జనవరి 7నే 'సెయింట్ డిస్టాఫ్ రోజు'. డిస్టాఫ్ అంటే వడకడానికి నార చుట్టే కర్ర. ఆ పేరుగల పునీతురాలు ఎవరూ లేరు. ఆడవాళ్ళ పనికి హాస్యానికి పెట్టిన పేరది. ఆ రోజు మగవాళ్ళు ఆడవాళ్ళు వడికే నారకు నిప్పంటించడం, ఆడవాళ్ళు వాళ్ళ మీద నీళ్ళు గుమ్మరించడం వేడుక. సరదాగానే చెప్పుకుంటారు. కానీ మగవాడి నాగలిని ఎవరూ సరదాకు తగలబెట్టలేదు.

ఇట్లా ఒకే చలికాలంలో రెండు ఏళ్ళ పంట ఉంటుంది. పొయ్యి దగ్గర గడిచిన వేసవి నార దారం అవుతుంటుంది. దొడ్లో వచ్చే వేసవి నారకు నేల తయారవుతుంటుంది. చట్టపత్రాల్లో పెళ్ళికాని స్త్రీని 'స్పిన్‌స్టర్', అంటే వడికే మనిషి, అని రాసే అలవాటు పదిహేడో శతాబ్దానికి స్థిరపడింది. తల్లివైపు వంశాన్ని 'డిస్టాఫ్ వైపు' అన్నారు. పనిముట్టు ఆమెకు పేరు అయింది గానీ ఆ పని మీద వచ్చిన విలువ ఆమెది కాలేదు. పదిహేడో శతాబ్దపు స్త్రీల శ్రమ మీద 1919లో పుస్తకం రాసిన ఆలిస్ క్లార్క్ ఆ కాలపు కూలి లెక్కలు తిరగేసి, వడకడం మీద వచ్చే డబ్బుతో పిల్లలున్న స్త్రీ బతకలేదని చూపించింది. ఓటుహక్కు ఉద్యమంలో పనిచేసిన మనిషి ఆమె. ఆ లెక్కలు అంతకు ముందూ ఉన్నాయి. అడిగిన కళ్ళు లేవు.

ఇప్పుడు పేరు సంగతి. ఈ జాతిలో ఆడ, మగ మొక్కలు వేరువేరు. మగమొక్క సన్నగా ఉండి, పుప్పొడి రాల్చి ముందే ఎండిపోతుంది. దాని నార మెత్తన, ఇంటి బట్టకు పనికొస్తుంది. ఆడమొక్క గింజ పట్టి, సెప్టెంబరు చివరి దాకా నిలబడుతుంది. దాని నార మోటు, తాళ్ళకు పోతుంది. ఇంగ్లీషు రైతులు మొదటిదాన్ని 'ఫింబుల్' అన్నారు, ఆ మాట 'ఆడది' అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. రెండోదాన్ని 'కార్ల్' అన్నారు, అంటే మగవాడు. బలంగా, పొడవుగా, చివరిదాకా నిలిచేది మగదే అయుంటుందని తీర్మానం! గింజలు కళ్ళెదుట కనబడుతున్నా పేరు మారలేదు. 1694లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో కామెరారియస్ మొక్కల్లో ఆడా మగా ఉంటాయని ప్రయోగాలతో వాదించాడు. ఆయన పరీక్షించిన వాటిలో ఈ మొక్కా ఉంది. శాస్త్రం దిద్దుకున్నాక కూడా పల్లెల్లో పాత పేర్లే నడిచాయి. సన్నని ఫింబుల్‌ని ముందే ఏరి పీకే పని ఆడవాళ్ళదే. ఏ మొక్క గింజ కడుతుందో వాళ్ళ చేతులకు తెలియదంటే నేను నమ్మను. తెలిసినవాళ్ళకు పేరు పెట్టే అధికారం లేదు, అంతే.

ఆ పంట శిక్షగా కూడా మారింది. లండన్‌లో బ్రైడ్‌వెల్ అనే 'దిద్దుబాటు గృహం'లో 'చెడిపోయిన' స్త్రీల చేత నార బాదించేవాళ్ళు. 1732లో హోగార్త్ వేసిన 'ఎ హార్లట్స్ ప్రోగ్రెస్' బొమ్మల వరుసలో నాలుగోదాంట్లో మోల్ అనే యువతి మంచి బట్టల్లోనే నిలబడి సుత్తితో నార బాదుతుంటుంది, పక్కన బెత్తంతో జైలరు. ఇంట్లో భార్య చేస్తే ధర్మం, జైల్లో వేశ్య చేస్తే శిక్ష. పని ఒకటే. ఆ మంచి ఆడదాన్నీ ఈ చెడ్డ ఆడదాన్నీ విడదీసే గోడ ఎంత పల్చనిదో ఆ సుత్తి చెబుతుంది.

ఈ కథలో మన తీరం కూడా ఉంది. మచిలీపట్నం, మిగతా కోరమాండల్ రేవుల నుంచి పోయిన అద్దకం నూలుబట్ట అక్కడి ఆడవాళ్ళకు ఎంతో నచ్చింది. తేలిక, రంగు పోదు, ఉతకొచ్చు. అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళు గగ్గోలు పెట్టారు. 1700లో అద్దకం బట్టల దిగుమతి మీద నిషేధం, 1721లో అవి కట్టుకోవడం మీదే నిషేధం వచ్చాయి. మధ్యలో 1719లో లండన్ వీధుల్లో నేతగాళ్ళు ఆ బట్టలు కట్టుకున్న స్త్రీల మీద పడి చించారు. వ్యాపారపు తగువు తేలింది ఆడవాళ్ళ ఒంటి మీద. అటు వడికిన స్త్రీలకూ ఇటు మన పల్లెల్లో నూలు వడికిన స్త్రీలకూ ఆ తగువులో మాట లేదు.

మన దేశంలో ప్రభుత్వం గంజాయి మీద పెద్ద విచారణ జరిపింది 1893-94లో. ఏడుగురు సభ్యులు, ఏడుగురూ మగవాళ్ళు. దాదాపు 1200 మంది సాక్షులు, ఏడు సంపుటాల నివేదిక. మద్రాసు ప్రెసిడెన్సీ కూడా అందులో ఉంది. సాగు, అమ్మకం, పన్ను, పిచ్చాసుపత్రులు అన్నీ తరచి చూశారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పూత, కాయ పట్టిన కొసల్నే గంజాయి అంది. వాటితో కలవని గింజనూ ఆకునూ ఆ నిర్వచనం నుంచి మినహాయించింది. కుమావూ కొండల్లో ఇంటింటా ఆ గింజల పచ్చడి నూరుకుంటారు. ఇప్పుడు ఉత్తరాఖండ్‌లో నార కోసం సాగుకు లైసెన్సులు ఇస్తున్నారు. మన విశాఖ మన్యంలో 2021లో వేల ఎకరాల గంజాయి తోటలు నరికారు, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర దాదాపు రెండు లక్షల కిలోలు తగలబెట్టారు. పెట్టుబడి పెట్టినవాళ్ళు దూరంగా ఉంటారు. మూట మోసి పట్టుబడ్డవాళ్ళలో కూలికొచ్చిన ఆదివాసీ స్త్రీలూ ఉన్నారు. వాళ్ళ పేర్లు రాసుకునే కాగితం ఎఫ్ఐఆర్ ఒక్కటే.

నేను గంజాయిని సమర్థించడం లేదు. నా ప్రశ్న చిన్నది. మొక్క లాభం తెచ్చినప్పుడు లైసెన్సు ఎవరి పేరు మీద? నేరం అయినప్పుడు కేసు ఎవరి పేరు మీద? ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదవడం స్త్రీల చరిత్ర రాసేవాళ్ళ పని. దానికి ముందు కాగితం కాని చోట్లు కూడా చదవడం నేర్చుకోవాలి. పంట మీదకు రాని నెలల్లో, దొడ్లో, పొయ్యి దగ్గర, విత్తనాల కుండలో.

నాయనమ్మ పోయాక పొలం పట్టా తీసి చూశాం. తాతయ్య పేరు, తర్వాత నాన్న పేరు, ఇప్పుడు తమ్ముడి పేరు. అటక మీద కుండలో మాత్రం బూడిదలో ఇంకా జనుము గింజలు ఉన్నాయి. అవి ఎవరు దాచారో చెప్పడానికి ఏ పట్టా అక్కర్లేదు. కానీ ఒకరైనా చెప్పాలి.