కాలక్షేపానికి చుక్కలు

రెండేళ్ళ కిందట ఓ వారాంతంలో, చేతులు ఊరుకోక, చిన్న ప్రోగ్రాం ఒకటి రాయడం మొదలుపెట్టాను. మా బాల్కనీలోంచి కనబడే ముక్క ఆకాశంలో ఏ చుక్క ఏదో చెప్పే పటం. చుక్కల స్థానాలు మనం కొలవలేం కదా, ఎవరో కొలిచి పెట్టినవే వాడుకోవాలి. టైకో-2 అని 2000 సంవత్సరంలో వచ్చిన జాబితా ఒకటుంది. అందులో పాతిక లక్షల చుక్కలు, ఉచితంగా దొరుకుతాయి. ఇలాంటి డేటాతో పాటు వచ్చే వివరణలని నేనెప్పుడూ చదవను. ఆ పూట ఒక కాలమ్ అర్థంకాక చదవాల్సొచ్చింది. ఈ జాబితా ఆధారపడ్డ పాత కొలతలు ఎక్కడివా అని వెనక్కి వెళ్తే వేధశాలల పేర్లు వరసగా కనిపించాయి. గ్రీనిచ్, వాటికన్, పారిస్, ఆక్స్‌ఫర్డ్, సిడ్నీ. వాటి మధ్యలో హైదరాబాద్.

బేగంపేట వైపు కొన్ని వందలసార్లు వెళ్ళుంటాను. అక్కడొక వేధశాల ఉందని విన్నాను గానీ, దాని కొలతలు నా లాప్‌టాప్‌లో ఉన్నాయని మాత్రం నాకు తెలీదు.

నాకు అర్థంకాని ఆ కాలమ్ చుక్కల సొంత కదలికది. మనం స్థిరం అనుకునే నక్షత్రాలు నిజానికి కదులుతూనే ఉంటాయి, అతి మెల్లగా. డిగ్రీని 3600 భాగాలు చేస్తే అందులో ఒక భాగం ఆర్క్‌సెకను. ఒక చుక్క ఏడాదికి ఆర్క్‌సెకనులో ఇరవయ్యో వంతు జరుగుతోందనుకోండి. ఒక్క ఏడాదిలో అది పట్టుబడటం కష్టం. ఎనభై ఏళ్ళు ఆగితే నాలుగు ఆర్క్‌సెకన్లు అవుతుంది, అప్పుడు దొరుకుతుంది. యూరప్ వాళ్ళ హిప్పార్కస్ ఉపగ్రహం 1989 నుంచి 1993 దాకా కొత్త స్థానాలు కొలిచింది. కదలిక తెలియాలంటే వాటి పక్కన పెట్టడానికి పాత స్థానాలు కావాలి. డబ్బు పోసినా గతంలోకి వెళ్ళి కొలవలేం. ఎవరో ఒకరు అప్పుడే కొలిచి ఉండాలి.

కొలిచారు. 1887లో పారిస్‌లో సమావేశమైన ఖగోళ శాస్త్రజ్ఞులు ఆకాశాన్నంతా ఫొటోలు తీసి, పదకొండో తరగతి కాంతి దాకా ప్రతి చుక్కనూ జాబితాకెక్కించాలని ఒప్పందం చేసుకున్నారు. ఆకాశాన్ని అడ్డపట్టీలుగా కోసి, పొలం పంచుకున్నట్టు వేధశాలలు పంచుకున్నాయి. చిలీలోని శాంటియాగో తన వాటా పని సాగించలేకపోయింది. ఆ పట్టీ, అంటే దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల దాకా, హైదరాబాదుకు వచ్చింది. హైదరాబాదుకు ఇలాంటి పని అప్పగించడానికి అప్పటికి అక్కడ వేధశాల అంటూ ఉందంటే కారణం ఒక నవాబుగారి సరదా.

ఆయన పేరు జాఫర్ జంగ్. నిజాం దర్బారులో పైగా కుటుంబాలంటే నిజాం తర్వాత అంతటి వాళ్ళు. ఆ వంశంలో మనిషి. ఆయన ఇంగ్లండునుంచి దుర్భిణులు తెప్పించారు. అందులో పెద్దది డబ్లిన్‌లో గ్రబ్ కంపెనీ చేసిన 15 అంగుళాల కటకం ఉన్నది. ఫొటోలు తీయడానికి పనికొచ్చే 8 అంగుళాల కుక్ దుర్భిణి ఇంకొకటి. 1901లో ఫిసల్‌బండలోని తన ఎస్టేట్‌లో వేధశాల పెట్టి, దానికి నిజాం పేరు పెట్టుకోవడానికి అనుమతి అడిగారు. ఇంకో మాట కూడా అడిగారు. తన తర్వాత దీన్ని ప్రభుత్వం తీసుకోవాలని. 1907లో ఆయన పోయారు. మరుసటి ఏడాదే వేధశాల ప్రభుత్వం చేతికి వెళ్ళింది. చాట్‌వుడ్ అనే ఇంగ్లీషాయన మొదటి డైరెక్టరుగా వచ్చాడు, వేధశాల బేగంపేటకి మారింది.

జాఫర్ జంగ్ ముచ్చటపడి కొన్న ఆ పెద్ద దుర్భిణి 1922కి గానీ సరిగ్గా పనిలోకి రాలేదు. అప్పటికి ఆయన పోయి పదిహేనేళ్ళు. ఈలోగా చిన్న దుర్భిణితోనే అసలు పని మొదలైపోయింది. 1914లో వచ్చిన పోకాక్ ఫొటోల పని నడిపించాడు. 1918లో పోకాక్ చనిపోయాక టి. పి. భాస్కరన్ బాధ్యత తీసుకుని 1944 దాకా డైరెక్టరుగా ఉన్నారు. మధ్యలో 1919లో వేధశాల ఉస్మానియా యూనివర్సిటీ కిందికి వచ్చింది. దక్షిణపు పట్టీ అయ్యాక, జర్మనీలో పాట్స్‌డామ్ వదిలేసిన ఉత్తరపు పట్టీని, 36 నుంచి 39 డిగ్రీల దాకా, హైదరాబాదే తీసుకుంది. మొత్తం పన్నెండు సంపుటాలు, ఏడున్నర లక్షలకు పైగా చుక్కలు.

ఆ సంఖ్య చదివి ముందుకెళ్ళిపోవడం తేలిక. పని ఎలా జరిగేదో ఒకసారి ఊహించుకోండి. గాజు పలక మీద నల్లటి చుక్కలు. పలక మీద ముందే ముద్రించిన సన్నటి గళ్ళు. ఏ గడిలో ఏ గీతకి ఎంత దూరంలో చుక్క ఉందో సూక్ష్మదర్శినిలో చూసి రాయాలి. తర్వాత ఇంకోటి. తర్వాత ఇంకోటి. ఏళ్ళ తరబడి. కంప్యూటర్ అనే మాటకి అప్పట్లో లెక్కలు కట్టే మనిషి అనే అర్థం. డేటా ఫైల్లో ఆ మనుషుల పేర్లకి కాలమ్ లేదు.

నవాబుగారి కథ తెలిశాక ఆయనొక్కడే అలాంటివాడేమో అనుకున్నాను. అరవై ఏళ్ళు వెనక్కి వెళ్తే విశాఖపట్నంలో ఇదే పిచ్చి ఇంకొకాయనకి ఉండేది.

గోడే వెంకట జగ్గారావు 1817లో జమీందారీ కుటుంబంలో పుట్టారు. మద్రాసు వెళ్ళి, అక్కడి వేధశాల అధిపతి టేలర్ దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకుని వచ్చి, 1840 ప్రాంతంలో విశాఖలో, ఇప్పటి డాబా గార్డెన్స్‌లో, సొంత వేధశాల కట్టుకున్నారు. 1856లో, నలభై నిండకుండానే చనిపోయారు. అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని అందుకున్నారు. 1892లో చనిపోయేదాకా నడిపారు. ముప్పయ్యారేళ్ళు.

ఈ వేధశాల ఊరికి చేసిన పెద్ద ఉపకారం టైము చెప్పడం. అప్పటికి దేశమంతటికీ ఒకటే గడియారం లేదు. విశాఖలో సూర్యుడు నడినెత్తికి వచ్చిన పన్నెండు నిమిషాలకి గానీ మద్రాసులో మధ్యాహ్నం కాదు. ఊరి టైము ఊరే పట్టుకోవాలి. ఉత్తర దక్షిణాల రేఖ మీద మాత్రమే తిరిగేలా బిగించిన దుర్భిణిలో చూస్తూ, తెలిసిన చుక్క ఒకటి ఆ రేఖని దాటే క్షణాన్ని గడియారం టిక్కులతో సరిపోల్చాలి. గడియారం ఎంత తప్పుతోందో చుక్క చెబుతుంది. అలా దిద్దుకున్న టైము డాల్ఫిన్స్ నోస్ కొండ మీది జెండా కొయ్య ద్వారా రేవులోని ఓడలకు తెలిసేది. సముద్రంలో ఓడ ఎక్కడుందో తెలియాలంటే టైము సరిగ్గా ఉండాలి. మనం కాలక్షేపం అంటాం, కాలాన్ని ఎలాగోలా గడిపెయ్యడమని. ఈ మామా అల్లుళ్ళ కాలక్షేపం ఊరికి కాలాన్ని ఇచ్చింది.

1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటాడు. అంతకుముందు అలా జరిగి 105 ఏళ్ళు. భూమికీ సూర్యుడికీ ఉన్న దూరం తేల్చడానికి ప్రపంచమంతా ఆ రోజు కోసం ఎదురుచూసింది. నరసింగరావు విశాఖలో దాన్ని చూసి, ఆ వివరాలు లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి పంపారు. 2012 జూన్ 6న ఉదయం అదే దృశ్యం మన ఊళ్ళలో కనబడింది. నేను ఆఫీసు బస్సులో కిటికీ కర్టెన్ వేసుకుని నిద్రపోయాను. మళ్ళీ 2117లోనే.

వీళ్ళని మెచ్చుకునే ముందు ఇదంతా ఎవరి డబ్బుతో జరిగిందన్నది దాటెయ్యకూడదు. రైతులు కట్టిన శిస్తులతోనూ జాగీర్ల ఆదాయంతోనూ ఈ కటకాలు సముద్రం దాటి వచ్చాయి. విశాఖలో వేధశాల నడుస్తున్న రోజుల్లోనే, 1866లో, పొరుగునున్న గంజాం జిల్లాలో కరువుకి జనం మాడిపోయారు. రాత్రంతా మేలుకుని చుక్కలు చూడటానికి, పగలు పడుకునే వెసులుబాటు ఉండాలి. ఆ వెసులుబాటు కొద్దిమందికే ఉండేది. అదే సంపదతో చాలామంది ఏం చేశారో కూడా మనకి తెలుసు కాబట్టి, ఈ ఇద్దరు ముగ్గురి పిచ్చి మీద నాకు కోపం రాదు. కానీ ప్రతి పెళ్ళి బయోడేటాలోనూ అంత తేలిగ్గా రాసేసే ‘హాబీలు’ అనే మాట వెనక ఎంత ఖర్చుందో మాత్రం తెలిసొచ్చింది.

నరసింగరావు పోయాక ఆయన భార్య అచ్చయ్యమ్మ 1894లో వేధశాలని ప్రభుత్వానికి అప్పగించారు. ఆమె తాళం వేసి ఊరుకుంటే అడిగేవాళ్ళు లేరు. ఇప్పుడు డాబా గార్డెన్స్‌లో దుకాణాలూ ట్రాఫిక్కూ తప్ప ఆకాశం వైపు చూడాల్సిన కారణమేదీ కనబడదు. కానీ విశాఖలో అందరికీ తెలిసిన పేరొకటి మిగిలింది, మిసెస్ ఏవీఎన్ కాలేజీ. ఏవీఎన్ అంటే అంకితం వెంకట నరసింగరావు. ఆ మిసెస్ అచ్చయ్యమ్మ. సి. వి. రామన్ తండ్రి పాఠాలు చెప్పిందీ, రామన్ ఎఫ్.ఏ. చదివిందీ అక్కడే. ఆ పేరు ముందు మిసెస్ ఎందుకుందని చిన్నప్పుడు మేం నవ్వుకునేవాళ్ళం.

విశాఖ కొలతలు టైకో-2లో లేవు, హైదరాబాదువి ఉన్నాయి. విశాఖవాళ్ళ పని తక్కువదై కాదు. ఇంటి వేధశాల ఇంటి లెక్కలు రాసుకుంది. హైదరాబాదు మాత్రం పద్ధెనిమిది వేధశాలలు ఒప్పుకున్న కొలబద్దని వాడింది. పలక మీద ఒక మిల్లీమీటరు అంటే ఆకాశంలో డిగ్రీలో అరవయ్యో వంతు, ఏ దేశంలోనైనా అంతే. అందుకని ఎనభై ఏళ్ళ తర్వాత, ఉపగ్రహం కాలంలో, ఎవరో ఆ సంఖ్యల్ని నేరుగా తీసుకోగలిగారు. నా ఉద్యోగ భాషలో చెప్పాలంటే ఫార్మాట్ కుదిరింది. కానీ ఫార్మాట్ కన్నా ముందు రెండిటికీ ఒకటి జరిగింది. ఒకచోట చనిపోయే ముందు ఒకాయన, ఇంకోచోట భర్త పోయాక ఒకావిడ, దీన్ని ఇంకొకరు అందుకోవాలనుకున్నారు.

నేను ఇదంతా ఇంతగా పట్టించుకోవడానికి ఒక కారణం ఉంది. చోడవరం దగ్గర మా ఊళ్ళో మా తాత వాన లెక్క రాసేవాడు. ఏ ఏటి పంచాంగం ఆ ఏడు తీసుకుని, వాన పడ్డ తిథి పక్కన మార్జిన్‌లో పెన్సిలుతో ‘పదును’, ‘అర పదును’, ‘తుంపర’ అని రాసేవాడు. నాగలి దిగేంత లోతు నేల తడిస్తే పదును. ఎందుకు తాతా అంటే ‘ఊరికే, ఉంటది’ అనేవాడు. నలభై పంచాంగాలుంటాయేమో. ఇల్లు అమ్మినప్పుడు అటక దింపి పాత పేపర్లవాడికి వేసింది నేనే. తూకం వేస్తుంటే ఒకటి తెరిచి చూశాను కూడా. శ్రావణంలో మూడు పదునులు. నవ్వుకుని మళ్ళీ సంచిలో పడేశాను.

వాటితో ఎవరైనా ఏమైనా చేసేవాళ్ళా అంటే చెప్పలేను. పదును అనేది మిల్లీమీటర్ల కొలత కాదు, ఏ ఫార్మాట్‌లోనూ ఇమడదు. అయినా ఒకే నేల మీద, ఒకే మనిషి, ఒకే చూపుతో రాసిన నలభై ఏళ్ళ వానలు. జాఫర్ జంగ్ చుక్కల్ని ఉపగ్రహాలు వచ్చేదాకా దాచడానికి ప్రభుత్వమూ యూనివర్సిటీ కావాల్సొచ్చాయి. తాత వానల్ని దాచడానికి ఒక అటక చాలు, ఒక మనవడు చాలు.

ఆ ప్రోగ్రాం పూర్తి చేశాను. దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీలో ఉన్న చుక్కల్ని మాత్రం వేరే రంగులో చూపించేలా పెట్టాను. సిరియస్ దాదాపు పదహారున్నర డిగ్రీల దగ్గరుంటుంది, కొంచెంలో ఆ పట్టీకి బయటే ఉండిపోయింది. దాని కింద కంటికి ఆనని చుక్కలు మాత్రం వేలకొద్దీ రంగు మారాయి. అన్నీ బేగంపేటలో ఎవరో ఒక్కొక్కటిగా కొలిచినవే.