పటికతో విషం విరిచిన నల్లగొండ పద్ధతి

ఫ్లోరైడ్ కలిసిన నీటికి రంగుండదు, వాసనుండదు. వడగడితే పోదు. మరగబెడితే నీరు ఆవిరై, మిగిలిన నీటిలో ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. ఏళ్ల తరబడి తాగితే పిల్లల పళ్లకు గార పడుతుంది, పెద్దల కీళ్లు బిగుసుకుపోతాయి, వెన్ను వంగిపోతుంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఉన్న పాత నల్లగొండ జిల్లా పేరు వినగానే దేశమంతా ఈ జబ్బునే తలచుకునేది. ఇదే పేరు నీటిశుద్ధి పుస్తకాల్లో ఒక వైద్యానికీ ఉంది: నల్లగొండ పద్ధతి.

పళ్ల మచ్చలకు కారణం నీటిలోని ఫ్లోరైడేనని 1931లో అమెరికాలోని ఒక అల్యూమినియం కంపెనీ రసాయన శాస్త్రవేత్త చర్చిల్ తేల్చాడు. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌ను 1937లో షార్ట్ బృందం అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు ప్రాంతంలో గుర్తించింది. 1955లో ఎ.హెచ్. సిద్దిఖీ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నల్లగొండ రోగుల గురించి రాశారు. ఈ నేల కింద ఉన్నది గ్రానైటు రాయి. అందులోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ ఊటనీటిలోకి దిగుతుంది. నీటిలో క్షారగుణం ఎక్కువై, కాల్షియం తక్కువైతే అది ఇంకా సులువుగా కరుగుతుంది. వానలు తక్కువై, బోర్లు లోతుకు పోయిన కొద్దీ ముప్పు పెరుగుతూ వచ్చింది.

1961 నుంచి నాగపూర్‌లోని ప్రజారోగ్య ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ దీనికి విరుగుడు వెతకడం మొదలుపెట్టింది. తర్వాత నీరి అని పేరు మారిన సంస్థ అదే. అక్కడి శాస్త్రవేత్తలు యాక్టివేటెడ్ అల్యూమినాను పరీక్షించారు. బొగ్గును రసాయనాలతో మార్చి డిఫ్లోరాన్-2 అనే పదార్థాన్ని తయారుచేశారు. దేశంలో వరి ఊక బొగ్గునూ వాడి చూసినవారున్నారు. చాలా పదార్థాలు పనిచేశాయి. కానీ అవి కొంతకాలానికి శక్తి కోల్పోతాయి, మళ్లీ శుభ్రపరచడానికి రసాయనాలూ నిపుణులూ కావాలి. పల్లెలో ఆ రెండూ దొరకవు.

పటిక కొంత ఫ్లోరైడ్‌ను లాగుతుందని 1930లలోనే తెలుసు. నీరి బృందం ఆ పాత విషయాన్నే పట్టుకుని, పల్లెలో దొరికే సరుకులతో, చదువు లేనివారూ చేయగల వరుసగా మలిచింది. ముందు నీటిలో సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలపాలి. తర్వాత పటిక వేసి ఒక నిమిషం గబగబా, ఆపైన పది పదిహేను నిమిషాలు మెల్లగా తిప్పాలి. అప్పుడు అల్యూమినియం హైడ్రాక్సైడ్ విరిగిన పాలలా తెల్లటి తునకలు కట్టి, ఫ్లోరైడ్‌ను తనకు అంటించుకుని అడుగుకు దిగుతుంది. పటిక నీటిని పులుపెక్కించకుండా సున్నం కాస్తుంది. బ్లీచింగ్ పౌడర్ సూక్ష్మజీవుల్ని చంపుతుంది. పైన తేరిన నీటిని వంచుకుంటే చాలు. అదే పద్ధతి ఇంట్లో బకెట్‌కూ ఊరి ట్యాంకుకూ సరిపోతుంది. నవ్లఖే, కులకర్ణి, పాఠక్, బులుసు 1975లో ఈ పద్ధతిని వివరంగా ప్రచురించారు. తర్వాత ఇది టాంజానియా, కెన్యా, ఇథియోపియా ఊళ్ల దాకా వెళ్లింది.

లోపాలూ ఉన్నాయి. లీటరుకు వందల మిల్లీగ్రాముల పటిక పడుతుంది. నీటి క్షారగుణాన్ని బట్టి మోతాదు మారుతుంది. లెక్క తప్పితే నీటిలో అల్యూమినియం మిగులుతుంది. అడుగున చేరిన మడ్డిలో ఫ్లోరైడ్ ఉంటుంది కాబట్టి దాన్ని ఎక్కడపడితే అక్కడ పారబోయకూడదు. ఇంత పనిని ప్రతి ఇంటి ఇల్లాలి మీద, రోజూ, ఏళ్ల తరబడి వేయడం న్యాయం కాదు.

అందుకే ప్రజలు నదినీటిని అడిగారు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ మిర్యాలగూడ, కోదాడ వైపు పారింది. మర్రిగూడ, మునుగోడు వంటి మెట్ట ప్రాంతాలు మాత్రం ఎదురుచూశాయి. సూర్యాపేట ప్రాంతంలోని రాఘవాపురానికి చెందిన దుశర్ల సత్యనారాయణ బ్యాంకు ఉద్యోగం వదిలి జలసాధన సమితితో పోరాడారు. ఆ పోరాటంలో భాగంగా 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది పోటీలో నిలవడంతో బ్యాలెట్ కాగితం పుస్తకమైంది. ఆ ఏడాదే దేశవ్యాప్తంగా పోటీదారుల డిపాజిట్ మొత్తాన్ని భారీగా పెంచారు. 2015లో తాగునీటి పథకం మిషన్ భగీరథ పైలాన్‌ను చౌటుప్పల్‌లో ఆవిష్కరించారు. గొట్టాల ద్వారా శుద్ధి చేసిన నదినీరు ఇళ్లకు చేరడం మొదలైంది.

నదినీరు వచ్చినంత మాత్రాన బోర్లు మూతపడలేదు. కుళాయి ఆగిన రోజు ఎక్కడైనా చేయి బోరు వైపే పోతుంది. మన ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ వరకే మేలు, వేరే నీరు లేనప్పుడు 1.5 దాకా అనుమతిస్తారు. జిర్కోనియం అలిజరిన్ ద్రవం ఎరుపు నుంచి పసుపుకు మారే తీరును బట్టి ఫ్లోరైడ్ ఎంతో ఒక హైస్కూలు విద్యార్థి కూడా అంచనా వేయగలడు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ కాలేజీలు, బళ్లు తమ చుట్టుపక్కల బోర్లన్నిటినీ ఏటా ఇలా పరీక్షించి, ఫలితాన్ని ప్రతి బోరు మీదా రాయించాలి. ప్రపంచానికి తెలిసిన వైద్యానికి పేరిచ్చిన జిల్లాలో పుట్టిన పిల్లలకు తమ ఊరి నీటిలో ఏముందో తెలియడం వారి హక్కు.