పేగులో పుట్టిన సూదిమందు

బరువు తగ్గించే మందుల కథకు నూరేళ్లు దాటాయి. ఆ నూరేళ్లలో వాటిని ఎక్కువగా వాడిందీ, వాటి దెబ్బ తిన్నదీ ఆడవాళ్లే. పందొమ్మిదో శతాబ్దం చివర్లో థైరాయిడ్ గ్రంథి సారాన్ని ఒళ్లు తగ్గడానికి ఇచ్చారు. బరువు తగ్గేది, దాంతోపాటే గుండెదడ పట్టుకునేది. 1933లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మారిస్ టెయింటర్, ఆయన సహచరులు డైనైట్రోఫినాల్ అనే రసాయనంతో బరువు తగ్గించవచ్చని చూపించారు. మొదటి ప్రపంచయుద్ధంలో పేలుడు పదార్థాల తయారీకి వాడిన సరుకే అది. వాడినవాళ్లలో కొందరికి చిన్న వయసులోనే కళ్లలో శుక్లాలు వచ్చాయి, కొందరు ఒళ్లు కాలిపోయే జ్వరంతో చనిపోయారు. 1938లో అమెరికా కొత్త చట్టం తెచ్చాకే అది అంగళ్లలోంచి పోయింది. ఆ తరవాతి దశాబ్దాలు యాంఫెటమిన్లవి. రంగురంగుల మాత్రలు పొట్లాలు కట్టి ఇచ్చే క్లినిక్‌లు అమెరికాలో వీధివీధినా వెలిశాయి.

అన్నిటికంటే నన్ను కలచివేసేది ఫెన్-ఫెన్ కథ. ఫెన్‌ఫ్లూరమిన్, ఫెంటర్మిన్ అనే రెండు మందుల జోడీ అది. 1992లో మైకేల్ వైన్‌ట్రాబ్ పరిశోధన వెలువడ్డాక దాని గిరాకీ ఒక్కసారిగా పెరిగిపోయింది. 1997లో మేయో క్లినిక్ వైద్యులు, వారి సహచరులు ఒక నివేదిక ప్రచురించారు. ఈ జోడీ వాడిన 24 మందిలో గుండె కవాటాలు దెబ్బతిన్నాయని దాని సారాంశం. ఆ 24 మందీ ఆడవాళ్లే, సగటు వయసు 44. పిల్లలు కాస్త పెద్దవాళ్లై, ఇక తన ఒంటి సంగతి చూసుకుందామని ఆడమనిషి అనుకునే వయసు అది. ఆ సెప్టెంబరులో ఫెన్‌ఫ్లూరమిన్‌ను మార్కెట్లోంచి తీసేశారు. తరవాత వచ్చిన సిబుట్రమిన్ మన దేశంలోనూ అమ్ముడుపోయింది. గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరుగుతోందని తేలడంతో దాన్నీ ఆపేశారు.

ఇప్పుడు అందరి నోటా వినిపిస్తున్న ఓజెంపిక్, వెగోవీ, మౌంజారో సూదిమందుల వంశం వేరు. వీటి పుట్టుక బరువు తగ్గించే మందు కోసం సాగిన వేటలో లేదు, షుగర్ జబ్బు మీద జరిగిన పరిశోధనలో ఉంది. ఇంకా వెనక్కి వెళితే పేగు గురించి తెలుసుకోవాలన్న ఆసక్తిలో ఉంది.

1902లో లండన్‌లో విలియం బేలిస్, ఎర్నెస్ట్ స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు చిన్నపేగు నుంచి వెలువడే ఒక పదార్థం రక్తంలో కలిసి క్లోమగ్రంథిని పనికి పురమాయిస్తుందని కనిపెట్టారు. పేగంటే తిన్నది అరిగి పోయే గొట్టమే కాదని, అది ఒళ్లంతటికీ కబుర్లు పంపుతుందని అప్పుడు తెలిసింది. 1964లో మరో చిక్కుముడి విడిపోయింది. గ్లూకోజ్‌ను నరంలోకి ఎక్కించినప్పటికంటే నోటితో తాగించినప్పుడు ఇన్సులిన్ ఎక్కువగా ఊరుతుందని తేలింది. అంటే తిండి తగలగానే పేగు ఏదో ఒక హార్మోను పంపి, ఇన్సులిన్‌ను సిద్ధం చేసుకోమని చెబుతోంది. ఆ హార్మోను ఏమిటి?

జవాబు ఒక చేపలో దొరికింది. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో జోయెల్ హేబెనర్ బృందం గ్లూకగాన్ అనే హార్మోను జన్యువును వెతుకుతోంది. క్షీరదాల జన్యువులతో ప్రయోగాల మీద ఆ రోజుల్లో గట్టి ఆంక్షలు ఉండటంతో వాళ్లు యాంగ్లర్ చేపను ఎంచుకున్నారు. అడుగున పడుకుని, తల మీది తోకలాంటి ఎరను ఆడించి చిన్న చేపల్ని మింగే వికారమైన చేప అది. దాని ఒంట్లో హార్మోన్లు చేసే కణాలన్నీ విడిగా ఒక ముద్దలా ఉంటాయి కనుక ఏరుకోవడం తేలిక. 1982లో ఆ జన్యువు చదివితే గ్లూకగాన్ పక్కనే దాని పోలికలున్న మరో పెప్టైడ్, అంటే అమైనో ఆమ్లాల గొలుసు, కనిపించింది. మరుసటి ఏడు క్షీరదాల జన్యువులో అలాంటివి రెండు దొరికాయి. వాటిలో మొదటిదే జీఎల్‌పీ-1.

ఆ పొడవాటి గొలుసులో నిజంగా పనిచేసే ముక్క ఏదో తేల్చిన మనిషి స్వెత్లానా మోయ్సోవ్. యుగోస్లావియాలో పుట్టి, న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో పెప్టైడ్‌లు తయారు చేయడం నేర్చుకుని, 1983లో బోస్టన్ చేరిన రసాయనవేత్త. గొలుసులో ఏడో స్థానం నుంచి ముప్పై ఏడో స్థానం దాకా ఉన్న భాగమే ఇన్సులిన్‌ను రప్పిస్తుందని ఆమె అంచనా వేసింది. దాన్ని చేతులారా తయారు చేసింది, పేగులో అది ఉందని చూపించింది. 1987లో ఎలుక క్లోమగ్రంథి మీద పరీక్షిస్తే లేశమాత్రం మోతాదుకే ఇన్సులిన్ ఊరింది. డెన్మార్క్‌లో జెన్స్ హోల్స్ట్ కూడా ఆ కాలంలోనే అక్కడికి చేరుకున్నారు. మొదటి పేటెంట్లలో మాత్రం మోయ్సోవ్ పేరు లేదు. ఆమె ఏళ్ల తరబడి పోరాడి చేర్పించుకుంది. 2024లో లాస్కర్ పురస్కారం హేబెనర్‌తో పాటు ఆమెకూ దక్కింది. ఆమె పేరు చెప్పకుండా ఈ మందు చరిత్ర చెబితే అది అసంపూర్ణమనే నేననుకుంటాను.

హార్మోను దొరికింది గానీ మందు కాలేదు. రక్తంలో కలిసిన రెండు నిమిషాలకే జీఎల్‌పీ-1 సగం విరిగిపోతుంది. ఇక్కడ ఎడారి బల్లి ఒకటి సాయానికి వచ్చింది. న్యూయార్క్‌లోని బ్రాంక్స్ మాజీ సైనికుల ఆస్పత్రిలో జాన్ ఎంగ్, గీలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి లాలాజలంలో జీఎల్‌పీ-1ను పోలిన పదార్థాన్ని 1992లో కనుగొన్నారు. అది అంత త్వరగా విరగదు. దాని ఆధారంగా తయారైన ఎక్సెనటైడ్ 2005లో షుగర్ మందుగా అమెరికాలో అనుమతి పొందింది. రోజుకు రెండు సూదులు. డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్‌లో లోటె బ్యేరె క్నూడ్సెన్ మరో దారి తొక్కింది. మానవ హార్మోనుకే ఒక కొవ్వు ఆమ్లపు గొలుసు తగిలించి, రక్తంలోని ఆల్బుమిన్‌ను పట్టుకుని తిరిగేలా చేసింది. అలా వచ్చిన లిరాగ్లూటైడ్ రోజుకొక సూది, సెమాగ్లూటైడ్ వారానికొక సూది (ఓజెంపిక్, వెగోవీల్లో ఉండేది ఇదే). హేబెనర్, మోయ్సోవ్‌లతో లాస్కర్ పంచుకున్న మూడో మనిషి ఆమే.

ఆకలి సంగతి మధ్యలో బయటపడింది. జీఎల్‌పీ-1ను ఎలుకల మెదడులోకి ఎక్కిస్తే అవి తిండి బాగా తగ్గిస్తున్నాయని 1996లో లండన్ బృందం చూపింది. షుగర్ రోగులు కూడా బరువు తగ్గుతున్నారు. 2014లో లిరాగ్లూటైడ్‌కూ, 2021లో సెమాగ్లూటైడ్‌కూ బరువు మందులుగా అమెరికా అనుమతి ఇచ్చింది. 1961 మంది మీద 68 వారాలు జరిగిన పెద్ద పరీక్షలో సెమాగ్లూటైడ్ వాడినవాళ్లు సగటున 14.9 శాతం బరువు తగ్గారు. ఉత్తుత్తి సూది పొడిపించుకున్నవాళ్లు 2.4 శాతమే. పరీక్షలో పాల్గొన్నవాళ్లలో నాలుగింట మూడొంతులు ఆడవాళ్లు, సగటు వయసు 46. ముట్లు ఆగే దశకు దగ్గర పడిన వయసు. అయినా ముట్లు ఆగకముందు, ఆగుతున్నప్పుడు, ఆగాక ఈ మందు పని ఎలా మారుతుందన్న ప్రశ్న ఆ పరీక్షకు కేంద్రం కాలేదు. ఆ లెక్కలు తరవాత ఒక్కొక్కటిగా వెలికి తీస్తున్నారు. మౌంజారోలో ఉండే టిర్జెపటైడ్ పరీక్షలను అలా విడదీసి చూస్తే మూడు దశల్లోనూ బరువు బాగానే తగ్గిందని తేలింది. సంతోషమే. కానీ అడగాల్సింది బరువొక్కటే కాదు.

నలభై దాటితే మెటబాలిజం మందగిస్తుందని అందరం వింటూ ఉంటాం. 2021లో 29 దేశాల నుంచి 6,400 మందికి పైగా సమాచారం తీసి చూస్తే, ఒంటి పరిమాణాన్ని లెక్కలోకి తీసుకున్నాక, ఇరవై నుంచి అరవై దాకా శక్తి ఖర్చు దాదాపు ఒకేలా ఉంది. మారేది మరొకటి. అమెరికాలో వేలాది ఆడవాళ్లను ఏళ్ల తరబడి గమనించిన స్వాన్ అధ్యయనం ప్రకారం ముట్లు ఆగే దశ మొదలవగానే కొవ్వు చేరే వేగం పెరుగుతుంది, కండ కరగడం మొదలవుతుంది. చివరి ముట్టు తరవాత రెండేళ్ల దాకా ఇది సాగుతుంది. ఒకటి పెరిగి ఇంకొకటి తగ్గడంతో కాటా మీది అంకె పెద్దగా కదలకపోవచ్చు. చీర కట్టుకునేటప్పుడు మాత్రం తెలిసిపోతుంది: అదే చీరకు కుచ్చిళ్లు తగ్గుతాయి. ఈస్ట్రోజెన్ తగ్గగానే తొడల్లో, పిరుదుల్లో దాగే కొవ్వు పొట్టకు చేరుతుంది. వేడి ఆవిర్లతో నిద్ర చెడుతుంది, ఇన్సులిన్ పని మొద్దుబారుతుంది. అందుకే మన ఆడవాళ్లకు డాక్టర్లు నడుము 80 సెంటీమీటర్లు దాటకూడదని చెబుతారు.

ఇలా కండ పోతున్న సమయంలో ఈ మందు మొదలుపెడితే? సెమాగ్లూటైడ్ పరీక్షలో కొందరికి స్కాన్ తీసి చూస్తే, తగ్గిన బరువులో దాదాపు 40 శాతం కొవ్వు కానిది. ఎముక కూడా అప్పటికే పలచబడుతూ ఉంటుంది. ఆకలి చచ్చిపోయి రెండు ముద్దల చారన్నంతో లేచిపోయే మనిషికి పప్పు, గుడ్డు, పెరుగు, చేప ముందు కడుపులో పడాలని చెప్పేవాళ్లు కావాలి. బరువులెత్తే వ్యాయామం నేర్పేవాళ్లు కావాలి. మందు మానేసిన ఏడాదికి తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగి వస్తుందని అదే పరీక్ష కొనసాగింపులో తేలింది. అలా తిరిగొచ్చేది ఎక్కువగా కొవ్వే అయితే, మొదలుపెట్టినప్పటికంటే నష్టపోయినట్టే. వాంతులు, మలబద్ధకం, పిత్తాశయంలో రాళ్లు సరేసరి. తనకు గానీ రక్తసంబంధీకుల్లో ఎవరికైనా గానీ మెడులరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉంటే దీని జోలికి వెళ్లకూడదు. అయినా ఈ మందును తిట్టిపోయడం నాకిష్టం లేదు. మోకాళ్ల నొప్పితో మెట్లెక్కలేని మనిషికి, షుగర్ అదుపు తప్పిన మనిషికి ఇది ఇచ్చిన ఊరట నిజం. తిండిపోతువని జీవితమంతా మాటలు పడిన ఆడమనిషికి, తప్పంతా తన మనోబలంలో లేదని, పేగు నుంచి మెదడుకు వెళ్లే కబురుకూ అందులో పాత్ర ఉందని తెలియడం కూడా చిన్న విషయం కాదు.

మన దేశంలో మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ జూన్‌లో వచ్చాయి. సెమాగ్లూటైడ్ పేటెంటు గడువు ఇక్కడ 2026 మార్చి వరకే కనుక హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్‌తో సహా దేశీయ కంపెనీలు తయారీకి దిగాయి. ధర తగ్గేకొద్దీ మందు పట్టణాలు దాటి పల్లెలకు చేరుతుంది. అక్కడ మరో సంగతి గుర్తుంచుకోవాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతం దేశంలోకెల్లా అధికంగా నమోదైంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే. పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల వయసువాళ్లలో దాదాపు ప్రతి పన్నెండు మందిలో ఒకరు. వాళ్లలో చాలామందికి ఆ ఆపరేషన్ నలభై లోపే అయిపోయింది. అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ ఆ రోజే పడిపోతుంది, ఉంచినా అవి ముందుగానే మందగించవచ్చు. కూలికి వెళ్లే ముప్పై ఎనిమిదేళ్ల మనిషి ఎముకనూ కండనూ యాభై రెండేళ్ల అమెరికా ఉద్యోగిని పరీక్ష ఫలితాలతో కొలిస్తే సరిపోదు. ఆమెకు ఈ సూది రాసే ముందు ఆపరేషన్ ఎప్పుడైంది, అండాశయాలు ఉన్నాయా అని అడగాలి, ఎముక సాంద్రత చూడాలి, పిడికిలి పట్టు చూడాలి. ఆ ఫలితాలను ఇక్కడి ఆస్పత్రులే నమోదు చేయాలి, ఎందుకంటే దేశంలోకెల్లా ఆమెలాంటి వాళ్ల శాతం ఎక్కువగా ఉన్నది ఇక్కడే.