చెవికి తొడుగు, పాటకు తలుపు

1891 జూన్ 16న ఫ్రెంచి ఇంజనీరు ఎర్నెస్ట్ మెర్కాడియర్‌కు అమెరికాలో ఒక పేటెంటు దక్కింది. ఆయన తయారుచేసినది ‘బై-టెలిఫోన్’. రెండు చెవుల్లోకీ దూరే రెండు బుల్లి రిసీవర్లు, బరువు 50 గ్రాముల లోపే. తొలినాళ్ల టెలిఫోన్ ఆపరేటర్లు భుజాన మోసిన సరంజామా ముందు అది దూదిపింజ. రిసీవర్ల కొసలకు ఆయన రబ్బరు తొడుగులు పెట్టాడు. చెవి ఒరుసుకుపోకుండా కాపాడటం ఒక పని. బయటి చప్పుడును లోపలికి రానివ్వకపోవడం రెండో పని.

ఇయర్‌బడ్ కిటుకంతా ఆ రెండో పనిలోనే ఉంది. అందులో కదిలే పొర చాలా చిన్నది. గదినిండా ఉన్న గాలిని అది కదిలించలేదు. చెవి రంధ్రాన్ని బిగుతుగా మూస్తే మాత్రం కర్ణభేరి ముందున్న పిసరంత గాలిని కదిలిస్తే చాలు. ఎక్కడ సందు మిగిలినా ముందుగా జారిపోయేది మృదంగం ఎడమవైపు పలికే గుమికి లాంటి మంద్రనాదమే.

జనం వాడే ఇయర్‌ఫోన్లలో ఈ సంగతి చాలాకాలం మరుగున పడింది. 1979లో సోనీ వాక్‌మన్ పాటను వీధిలోకి తెచ్చింది. 2001లో ఐపాడ్ వెంట తెల్ల ఇయర్‌బడ్స్ వచ్చాయి. అవి చెవి గుమ్మంలో కూర్చునేవే తప్ప తలుపు మూసేవి కావు. బస్సు రొద లోపలికొచ్చేది, వినేవాళ్లు సౌండు పెంచేవాళ్లు.

ఆ మధ్యకాలంలో మూసే విద్యను నిలబెట్టింది వినికిడి యంత్రాల నిపుణుడు మీడ్ కిలియన్. మెర్కాడియర్ పేటెంటుకు నూరేళ్లు నిండిన 1991లో ఆయన సంస్థ ఎటిమోటిక్, చెవి రంధ్రాన్ని మూసే ‘ఈఆర్-4’ ఇయర్‌ఫోన్లను తెచ్చింది. 1995లో సౌండు ఇంజనీరు జెర్రీ హార్వే, వేదికపై హోరుతో ఇబ్బందిపడుతున్న డ్రమ్మర్ అలెక్స్ వాన్ హేలెన్ కోసం చెవిలో అమరే మానిటర్లు (తమ వాయిద్యాన్ని తాము వినే బుల్లి స్పీకర్లు) చేశాడు.

బయటి రొద ఆగితే సౌండు తగ్గించుకోవచ్చు, చెవులకూ మేలు. సౌండు 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు, 90 అయితే 4 గంటలే వినమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. పది డెసిబెల్స్ తేడాకు ముప్పై ఆరు గంటల పాట పోతోంది! కొత్త ఇయర్‌బడ్స్ పెట్టెలో వచ్చే మిగతా సైజుల తొడుగులను పారేయకండి. రెండు చెవులూ ఒకే కొలతలో ఉండకపోవచ్చు. సౌండు పెంచేముందు తొడుగు మార్చి చూడండి. రోడ్డెక్కితే మాత్రం తీసి జేబులో వేసుకోండి. అక్కడ మనల్ని కాపాడేది బయటి చప్పుడే.