గెంతే పేను కిస్సా

మా బిటియా రెండేళ్ళ ఈదీ పైసలు కూడబెట్టి ఉకులేలె తెప్పించుకుంది. డబ్బా విప్పగానే అమ్మీజాన్ మొదటి సవాల్: "ఇంతేనా? దీనికి గిటార్ అని పేరా?"

పొడవు రెండడుగులు కూడా లేదు. గోధుమరంగు చెక్క, నాలుగే తీగలు, అవీ నైలాన్‌వి. షక్ల్ చూసి నేనూ ఖిలౌనా అనే అనుకున్నాను. బిటియా వేలితో గీసినప్పుడు ఆవాజ్‌కి హైరాన్ అయ్యాను. గిటార్‌లో అన్నిటికంటే పై తీగ లావుగా ఉండి బరువుగా పలుకుతుంది. ఇందులో ఆ పై తీగే సన్నగా పలుకుతుంది. సురం మోగినట్టే మోగి చటుక్కున ఆగిపోతుంది. కొత్త నైలాన్ సాగుతుంది కాబట్టి గంటకోసారి మళ్ళీ బిగించాల్సి వచ్చింది.

"మన ఇంట్లో బాజాలేంటి బేటా? వాపస్ పంపించెయ్" అన్నారు అమ్మీ.

సంగీతం మీద ఉలమాల ఇఖ్తిలాఫ్ పాతది. నేను ఆలిమ్‌ని కాను, దాన్ని ఇక్కడ తెమల్చలేను. అమ్మీకి నాకు తెలిసిన తారీఖ్ మాత్రం చెప్పాను.

అట్లాంటిక్ సముందర్‌లో పోర్చుగీసు వాళ్ళ దీవి మడీరా. పందొమ్మిదో సదీలో అక్కడి ద్రాక్షతోటలకి తెగులు పట్టి గరీబులకి రోటీ కరువైంది. అదే జమానాలో హవాయి చెరకుతోటల దొరలకి మజ్దూర్లు కావాలి. 1879 ఏప్రిల్‌లో మడీరాలో రావెన్స్‌క్రాగ్ అనే ఓడ ఎక్కిన 400 మందికి పైగా జనం నాలుగు నెలల సఫర్ చేసి, ఆగస్టు 23న హోనోలులూ చేరారు. వాళ్ళతో మషేట్ అనే చిన్న నాలుగు తీగల వాద్యం వచ్చింది. రెండు వారాలు తిరక్కముందే అక్కడి అఖ్బార్ రాసింది: కొత్తగా వచ్చిన మడీరా వాళ్ళు రాత్రిళ్ళు వీధుల్లో వాయిస్తున్నారు, వాళ్ళ వాద్యాలు గిటార్‌కీ బాంజోకీ మధ్య ఏదో అజీబ్ చీజ్‌లా ఉన్నాయి, ఆవాజ్ మాత్రం చాలా మీఠా అని. షక్ల్ చూసి శక్, ఆవాజ్ విని ఖుషీ. మా ఇంట్లోనూ అదే జరిగింది కదా!

ఆ ఓడలో ముగ్గురు వడ్రంగులున్నారు: మనుయెల్ నూనెస్, అగుస్తో డియాస్, జోజే దో ఎస్పిరితో సాంతో. తోట కాంట్రాక్టు తీరాక హోనోలులూలో దుకాణాలు పెట్టి, అక్కడి కోవా చెక్కతో ఈ వాద్యాన్ని తయారుచేశారు. స్థానికులు దానికి 'గెంతే పేను' అని పేరు పెట్టారు. ఉకు అంటే పేను, లేలె అంటే గెంతడం. వాయించే వాడి వేళ్ళు అలా ఉంటాయట. రాణి లిలిఉఓకలాని మాత్రం 'వచ్చిన తోహ్ఫా' అనే అర్థం చెప్పిందంటారు. నాకు పేనే నచ్చింది.

దానికి ఇజ్జత్ ఇచ్చింది రాజు కలాకౌవా. మిషనరీల అసర్‌తో 1830లో హులా నాచ్‌ని నలుగురిలో ఆడకుండా బంద్ చేశారు. కలాకౌవా దాన్ని మళ్ళీ దర్బారులోకి తెచ్చాడు. 1886లో తన జూబ్లీ జల్సాలో హులాకి తోడు ఉకులేలె మోగింది. ఏడేళ్ళకే ఆయన చెల్లెలు లిలిఉఓకలాని తఖ్త్ పోగొట్టుకుంది. ఆమెని దింపిన వాళ్ళ వెనక చెరకు సేఠ్‌లే ఉన్నారు.

మనవాళ్ళకి ఒక ఆదత్ ఉంది, ప్రతి బాజా మూలం అరబీ ఊద్ అని ఫఖ్ర్‌గా చెప్పడం. లూట్ అనే మాట అల్-ఊద్ నుంచే వచ్చింది, నిజమే. అంతమాత్రాన ఉకులేలె మనదైపోదు. మనకి దీనితో దగ్గరి రిష్తా చెరకుది. 1860లో ట్రూరో ఓడ మద్రాసులో బయలుదేరి డర్బన్‌లో దించిన 342 మంది వెళ్ళింది ఇలాంటి కాంట్రాక్టు మీదే, ఇలాంటి తోటల్లోకే. మన తెలుగువాళ్ళూ, ముసల్మానులూ ఆ ఓడలో ఉన్నారు.

అమ్మీ తస్బీహ్ ఆపి విన్నారు. "ఆ ముగ్గురూ మళ్ళీ వతన్ వెళ్ళారా?"

"లేదమ్మీ, అక్కడే ఉండిపోయారు."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "మా దాదా తమ్ముడు రంగూన్ వెళ్ళేటప్పుడు దఫ్ పట్టుకెళ్ళాడట. మళ్ళీ రాలేదు."

ఉకులేలె చేతిలోకి తీసుకుని ఒక తీగ మీటి, వెంటనే అరచేత్తో మూసేశారు.

"ఇషా అయ్యాక మోగించొద్దని పిల్లకి చెప్పు."